‘హిజ్ వర్క్ ఈజ్ ఫైన్’: ఒక్క మాట దగ్గర ఆగిపోయిన ప్రమోషన్

బెంగళూరు మారతహళ్లిలో నేను ఇంగ్లిష్ నేర్పడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లు దాటింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. అనంతపురం, కర్నూలు, నెల్లూరు, వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేస్తుంటారు. “మీటింగ్‌లో నోరు పెగలడం లేదు మేడం” అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ కేసు అలాంటిది కాదు. ఈమె ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడుతుంది, పదకొండేళ్ల అనుభవం ఉన్న టీమ్ లీడ్. అందరికీ తెలిసిన ఒక చిన్న మాట దగ్గర దెబ్బతింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, ఉద్యోగం వివరాలు కొంచెం మార్చాను.

ఒక శనివారం సాయంత్రం వచ్చి కూర్చోగానే ఆమె అన్న మొదటి మాట: “ఇంగ్లిష్ రాక కాదు మేడం, వచ్చిన ఇంగ్లిషే కొంప ముంచింది.”

ఆమె టీమ్‌లో ఒక తెలుగు కుర్రాడున్నాడు. రాత్రి రెండు గంటలకు సర్వర్ పడిపోయినా ముందు లేచేది అతనే. కొత్తవాళ్లకు పని నేర్పేదీ అతనే. ఏడాది చివర ప్రమోషన్ల సమయంలో అతని గురించి ఈమె మూడు వాక్యాలు రాసింది. హిజ్ వర్క్ ఈజ్ ఫైన్. హిజ్ డాక్యుమెంటేషన్ ఈజ్ ఆల్సో ఫైన్. విత్ క్లయింట్స్ హి ఈజ్ ఫైన్. రాసేటప్పుడు ఆమె మనసులో ఉన్నది: పని బాగుంది, రాతకోతలూ బాగున్నాయి, క్లయింట్లతో కూడా బాగుంటాడు. ఇంగ్లండ్‌లో ఉండే పై అధికారి ఆ ఫారం చదివి ప్రమోషన్ ఇంకొకరికి ఇచ్చారు. ఈమె ఆగలేక ఫోన్ చేసి అడిగితే ఆయన నెమ్మదిగానే చెప్పారట: “అతను ఫైన్ అని మాత్రమే కదా మీరు రాశారు?”

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తన చేత్తోనే కుర్రాడి నోటి దగ్గర కూడు తీసేసినట్టయిందని ఏడ్చింది.

“అతనికి చెప్పావా అమ్మా?” అని అడిగాను.

“చెప్పాను మేడం. ‘పర్లేదక్కా’ అన్నాడు.”

“ఆ పర్లేదు అంటే నీకేం అర్థమైంది?”

“బాధపడ్డాడని. నేను బాధపడకూడదని అలా అన్నాడని.”

నోట్‌బుక్‌లో ఆ రోజు నేను రాసుకున్నది ఈ ఒక్క జవాబే. ‘పర్లేదు’ అనే మాటను ఎవరు, ఎప్పుడు, ఏ గొంతుతో అన్నారో బట్టి అర్థం తీయడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్య ఇంగ్లిష్‌లోకి మారగానే ఎందుకు పనిచేయలేదన్నదే నేను తేల్చాల్సిన విషయం.

ముందు చూసింది

రెండు నెలల ఆఫీసు మెసేజ్‌లు పేర్లు తీసేసి తెమ్మన్నాను. వాటిలో ఫైన్ 19 చోట్ల ఉంది. పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటూ చదివాను. మీటింగ్ టైమ్‌కి, సెలవు తేదీకి ఒప్పుకుంటూ ‘దట్స్ ఫైన్’ అన్నవన్నీ సరిగానే ఉన్నాయి. ఎవరినైనా మెచ్చుకోవడానికి వాడినవన్నీ తప్పుగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఈ రెండు రకాల్లోనూ చేరదు. దాన్ని చూసి నేను కాసేపు ఆగిపోయాను.

పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న వారంలో పక్క టీమ్ ఆయన అడిగారు: “టెస్టింగ్‌కి సాయంగా ఒకరిని పంపమంటారా?” ఈమె జవాబు: “అయామ్ ఫైన్.” తనకు సమ్మతమే, పంపండి అని ఆమె ఉద్దేశం. ఆయన ఎవరినీ పంపలేదు. ఈమె వరసగా రెండు శనివారాలు ఒక్కతే కూర్చుని ఆ టెస్టింగ్ చేసుకుంది. అడిగి కూడా పంపలేదని ఆయన మీద మనసులో కోపం కూడా పెట్టుకుంది.

ఏదైనా ఇస్తామన్నప్పుడు, సాయం చేస్తామన్నప్పుడు ‘అయామ్ ఫైన్’ అంటే ‘వద్దులెండి’ అని. అదే ‘అయామ్ ఫైన్ విత్ దట్’ అంటే ‘నాకు సమ్మతమే’. వెనక రెండు చిన్న ముక్కలు చేరగానే కాదన్నది అవునవుతుంది. ‘దట్స్ ఫైన్’ అన్నా కొంతవరకు నయం. అలాంటి చోట నేనైతే ‘యెస్, ప్లీజ్’ అనమంటాను, తేడా రాదు.

మన ఇళ్లలో కూడా ఇదే జరుగుతుంది. “కాఫీ తాగుతారా?” అంటే “పర్లేదండీ” అంటాం. అది వద్దన్నట్టే. కానీ ఇంటావిడ ఊరుకోదు. “భలేవారే, ఒక్క గుక్క” అంటూ గ్లాసు తెచ్చి చేతిలో పెడుతుంది. మనకు పర్లేదు తర్వాత ఇంకోసారి అడగడం ఉంటుంది. ఆఫీసు ఇంగ్లిష్‌లో ఒకసారి అడుగుతారు, ఫైన్ అంటే అంతటితో సరి. ఈమె రెండోసారి అడుగుతారని ఎదురుచూసింది.

జబ్బు ఎక్కడ మొదలైంది

“ఫైన్ అనే మాట మొదట ఎక్కడ నేర్చుకున్నావు?” అని అడిగితే ఆమె ఆలోచించకుండానే చెప్పింది. ఊళ్లో తెలుగు మీడియం బడి. టీచర్ లోపలికి రాగానే అందరూ లేచి నిలబడి రాగం తీసేవాళ్లట: ‘హౌ ఆర్ యూ? అయామ్ ఫైన్, థాంక్యూ.’ దాని కింద తెలుగులో ‘నేను బాగున్నాను’ అని రాసి ఉండేది.

మూలం అక్కడుంది. తెలుగులో ‘బాగు’ రెండు పనులు చేస్తుంది. ఒంట్లో బాగుంది, అంటే ఏ ఇబ్బందీ లేదు. పాట బాగుంది, అంటే మెచ్చుకోలు. ‘అయామ్ ఫైన్’లోని ఫైన్ మొదటి పనికి చెందినది. ఇబ్బందేమీ లేదు, కంగారు పడకండి, అంతవరకే. పిల్ల దాన్ని ‘బాగు’ అని నేర్చుకుని, పెద్దయ్యాక రెండో పనికి కూడా పెట్టేసింది. అనువాదం తప్పు కాదు. ఆ ఒక్క వాక్యానికి సరిపోయిన అనువాదాన్ని మాటకంతటికీ అర్థంగా మోసుకొచ్చింది.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. నేను కూడా ఏళ్ల తరబడి మొదటి రోజు క్లాసులో బోర్డు మీద ‘ఫైన్ అంటే బాగుండు’ అని రాశాను. ఎంతమంది దాన్ని అలాగే పట్టుకుపోయారో అనుకుంటే నాకు మనసు బరువెక్కుతుంది.

గాజు మీద అంకె

రెండో వారం ఆమె చేతికి బంగారు గాజులున్నాయి. ఒకటి తీసి ఇమ్మని, నా దగ్గరున్న భూతద్దంతో లోపలివైపు చూడమన్నాను. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ త్రికోణం గుర్తు, పక్కన 22కె916, ఆ పక్కన అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉన్న కోడ్. “916 అంటే ఏమిటి?” అంటే “నైన్ వన్ సిక్స్ గోల్డ్ మేడం, అందరూ అదే అంటారు” అంది. వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, మిగతాది రాగి లాంటి లోహం. 22ని 24తో భాగిస్తే వచ్చే లెక్క అది. ఆ కొలతకు ఇంగ్లిష్‌లో ఫైన్‌నెస్ అని పేరు. ఏ కలుపూ లేని బంగారాన్ని ఫైన్ గోల్డ్ అంటారు.

“దీన్ని మనం ఏమంటాం?”

కొంచెంసేపు చూసి అంది: “మేలిమి.”

ఆ మాట ఆమె నోటి నుంచే రావాలని నేను కాచుకున్నాను. ఎ ఫైన్ డాక్టర్, ఎ ఫైన్ సింగర్, ఫైన్ వర్క్ అన్నప్పుడు ఉన్నది ఈ మేలిమి. మెచ్చుకోలు నిండుగా ఉన్న మాట. మరి ఇంత గొప్ప మాట ‘పర్లేదు’ స్థాయికి ఎలా దిగింది?

లాటిన్‌లో ఫీనిస్ అంటే చివర, హద్దు. ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో ఇంగ్లిష్‌కి వచ్చింది. చివరిదాకా వెళ్లినది, ఇంక శుద్ధి చేయడానికి ఏమీ మిగలనిది ఫైన్. మన వంటింట్లో ఉన్న రిఫైన్డ్ ఆయిల్‌లోనూ ఆ ముక్కే ఉంది. ఫినిష్, ఫైనల్ అదే ఇంటివి. ట్రాఫిక్ పోలీసుకు కట్టే ఫైన్ కూడా ఆ లాటిన్ మాట నుంచే వచ్చింది. డబ్బు కట్టి తగువు తెంచుకోవడం, అక్కడితో చివర. ఇది చెప్పగానే ఆమె “ఫైనాన్స్ కూడానా?” అంది. అవును, బాకీ తీర్చి ముగించడం నుంచే వచ్చింది.

శుద్ధి చేసినది నాజూకుగా, సన్నగా ఉంటుంది కాబట్టి ఆ మాటకు ఇంకో కొమ్మ వేసింది. సన్న దారం, మెత్తటి పొడి, ఒప్పందం కింద సన్న అక్షరాల్లో ఉండే షరతులు అన్నీ ఫైనే. గాలిలో 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నగా ఉండే ధూళిని ఫైన్ పార్టికల్స్ అనేది అందుకే. మన కొట్లో దొడ్డు బియ్యం పక్కన సన్న బియ్యం బస్తా పెడతారే, ఆ సన్న అన్నమాట. క్రికెట్‌లో ఫైన్ లెగ్ కూడా ఈ కొమ్మదే అని నా నమ్మకం. వికెట్ల వెనక లెగ్ సైడ్‌లో, పిచ్ గీతకు దగ్గరగా సన్నటి కోణంలో నిలబడే చోటు. కెప్టెన్ ‘ఇంకా ఫైన్‌గా’ అంటే ఆ గీతకు ఇంకా దగ్గరికి జరగమని. ఆమె భర్త క్రికెట్ పిచ్చివాడట, ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పిన మొదటి విషయం ఇదేనట.

రోజూ పలకరింపుల్లో వాడగా వాడగా మేలిమి అరిగింది. ఎలా ఉన్నావంటే ‘భేషుగ్గా’ అని ప్రతివాడూ ప్రతిరోజూ అంటుంటే అది కొన్నాళ్లకు ‘ఏదో ఉన్నాను’ అవుతుంది. అరగని చోట పాత విలువ అలాగే ఉంది. అరిగిన చోటు ఏది, అరగనిది ఏది అన్నదే ప్రశ్న.

మాట కూర్చున్న చోటు

బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. షి ఈజ్ ఎ ఫైన్ సింగర్. ది సింగర్ ఈజ్ ఫైన్. “కచేరీకి వస్తుంటే సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర గాయని కారును ఎవరో గుద్దారు. నిర్వాహకులకు ఫోన్ వచ్చింది. ఏ వాక్యం చెబుతారు?” ఆమె వెంటనే రెండోది చూపించింది. గాయనికి ఏం కాలేదు, క్షేమంగా ఉంది. పాట ఎలా పాడుతుందన్న సంగతి ఆ వాక్యంలో లేనే లేదు. మొదటి వాక్యం పాట గురించి.

నామవాచకానికి ముందు కూర్చుంటే మేలిమి లేదా సన్న. ఈజ్, ఆర్ తర్వాత కూర్చుంటే చాలావరకు పర్వాలేదు. హిజ్ వర్క్ ఈజ్ ఫైన్: పని పర్వాలేదు. హి డజ్ ఫైన్ వర్క్: మేలైన పని చేస్తాడు. అవే మాటలు, చోటు మారింది. ఆ ఫారంలో ఆమె మూడుసార్లూ ఫైన్‌ను వెనకే కూర్చోబెట్టింది.

ఇది మనకు తెలియని పద్ధతి కూడా కాదు. ‘మంచి మాట’ అంటే మెచ్చుకోవడం. ఫోన్ పెట్టేసేముందు ‘మంచిదండీ, ఉంటాను’ అంటే అందులో మెచ్చుకోలు లేదు, సరే అని అర్థం. ఈ ఉదాహరణ చెప్పినప్పుడు ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. ఇక్కడ ఆటో అతను చిల్లర తక్కువైతే ‘పరవాగిల్ల’ అంటాడు, అదీ మన పర్వాలేదుకు తోబుట్టువే. బెంగళూరులో ఉంటూ రోజూ వినే మాట.

అనుమానం వస్తే చూసుకోవడానికి ఒక పరీక్ష చెప్పాను. ముందు ‘వెరీ’ పెట్టి చూడు. ‘ఎ వెరీ ఫైన్ సింగర్’ నిలబడుతుంది. ‘అయామ్ వెరీ ఫైన్’ నిలబడదు, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు చెవిలో గుచ్చుకుంటుంది. పర్వాలేదుకు ‘చాలా పర్వాలేదు’ ఎలా కుదరదో అలాగే. తప్పు దిద్దుకోవాలని ఆమె మధ్యలో ఒకసారి ‘హిజ్ కోడ్ ఈజ్ వెరీ ఫైన్’ అని రాసిందట. చదివినవాళ్లకు అది పిండి జల్లించినట్టు వినపడి ఉంటుంది.

ఆ రోజు క్లాసు ఇక్కడితో అయిపోవాలి. ఆమె లేవలేదు. ఫోన్ తీసి పాత మెయిళ్లు వెతకడం మొదలుపెట్టింది. రెండేళ్ల కిందట తన గురించి పైవాళ్లు రాసిన వార్షిక వ్యాఖ్యలు. హర్ క్లయింట్ కాల్స్ ఆర్ ఫైన్. హర్ ప్లానింగ్ ఈజ్ ఫైన్. వాటిని మెచ్చుకోళ్లు అనుకుని అప్పట్లో ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు. నీళ్లు ఇచ్చాను. కాసేపటికి ఆమే అంది: “అందుకే ఆ ఏడు హైక్ అంతే వచ్చింది కదా మేడం. నాకేమో అన్యాయం జరిగిందనిపించింది.”

ఫైన్ మాట పూర్తిగా మానెయ్యండి, గుడ్, గ్రేట్, ఎక్సలెంట్ వాడుకోండి అని సలహా ఇచ్చే టీచర్లున్నారు. ఆ సలహా నాకు ఒప్పుదల కాదు. మనం మానేసినంత మాత్రాన అవతలివాళ్లు మానరు. మన గురించి వాళ్లు ఫైన్ అన్నప్పుడు అది మెప్పో కాదో మనకు తెలియాలి. రెండేళ్ల ముందే తెలిసి ఉంటే ప్లానింగ్‌లో ఏం తగ్గిందో ఆమె అప్పుడే వెళ్లి అడిగేది.

గొంతు

మూడో వారం ఫోన్‌లో సాధన చేశాం, ఎందుకంటే విడిగా అనే ‘ఫైన్’కు అర్థం గొంతులోనే ఉంటుంది. కొంచెం లేపి అంటే సంతోషంగా ఒప్పుకున్నట్టు. గొంతు దించి పొడిగా అంటే ‘సరే, నీ ఇష్టం, కానివ్వు’ అన్నట్టు. ఇంట్లో గొడవ తర్వాత వచ్చే ‘సరే’కూ, ‘సరేనండీ’కీ ఉన్న తేడా. చాట్‌లో గొంతు ఉండదు కాబట్టి ఒక్క మాట రాసి చుక్క పెడితే చాలామంది పొడి గొంతుగానే చదువుకుంటారు. ఆమెకు ‘ఫైన్’ అని రాసి చుక్క పెట్టే అలవాటు బాగా ఉంది. ‘దట్స్ ఫైన్, థాంక్యూ’కు మార్చుకోమన్నాను. ఇది తేలిగ్గానే కుదిరింది.

దిద్దుబాటు ఉత్తరం

పై అధికారికి ఉత్తరం రాస్తానంది. మొదటి చిత్తులో సగం తన ఇంగ్లిష్ గురించి సంజాయిషీ, తెలుగు మీడియం, క్షమాపణలు. అదంతా ఒక్క వాక్యానికి కుదించమన్నాను: ఆ ఫారంలో ఫైన్ అన్న చోట నా ఉద్దేశం ఎక్సలెంట్, ఆ పొరపాటు నాది. మిగతా జాగా అంతా కుర్రాడికి ఇవ్వమన్నాను. అతను చేసినవి చెప్పు, విశేషణం వాళ్లనే వేసుకోనీ.

“ఏం చేశాడని రాయను మేడం, అన్నీ చేస్తాడు” అంది. ఒక్కొక్కటీ అడిగి రాబట్టడానికి గంట పట్టింది. వడ్డీ లెక్కలో రెండు పైసల తేడాను క్లయింట్ కంటే ముందే పట్టుకున్నాడు. రాత్రంతా కూర్చుని అది ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టాడు. కొత్తగా చేరిన ఇద్దరిని ఆరు వారాల్లో సొంతంగా పనిచేసేలా తయారుచేశాడు. కోపంగా ఉన్న క్లయింట్ ఫోన్‌లో అరుస్తుంటే అడ్డుపడకుండా చివరిదాకా విని, చెప్పిందంతా వరసగా తిరిగి చెప్పి చల్లార్చాడు. ఈ చివరిది చెబుతున్నప్పుడు ఆమె కళ్లు మెరిశాయి. ఆ మెరుపులో పైసా వంతు కూడా ఆ మూడు వాక్యాల్లో లేదు.

జవాబు వచ్చింది. ఆ ఏటి ప్రమోషన్ మార్చడం కుదరదు. ఉత్తరాన్ని అతని ఫైల్‌లో చేరుస్తామన్నారు. సారం వింటే మేలే, కానీ కుర్రాడికి ఒక ఏడాది పోయింది. దాన్ని నేను ఈ కేసులో విజయంగా లెక్కవేసుకోను. పక్క టీమ్ ఆయనతో మాత్రం ఈమె వెళ్లి మాట్లాడింది. తాను అప్పుడు సాయం కావాలన్నానని చెబితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారట. “మీరు వద్దన్నారనే అనుకున్నాను” అన్నారట. రెండు శనివారాల కోపం అలా పోయింది.

నా క్లాసులో మొదటి రోజు పాఠం మార్చాను. ‘అయామ్ ఫైన్’ పక్కన ఇప్పుడు ‘బాగున్నాను’తోపాటు ‘ఇబ్బందేం లేదు’ అని కూడా రాస్తున్నాను. మేలిమి, సన్న, పర్వాలేదు అని మూడు మాటలు బోర్డు మీద విడివిడిగా రాసి, వాక్యం చదివి ఇది దేని కిందికి వస్తుందని అడుగుతున్నాను. ఎక్కువమంది రెండో రోజు క్లాసుకల్లా పట్టుకుంటున్నారు. ‘విత్ దట్’ దగ్గర మాత్రం ఇంకా తడబడుతున్నారు, దానికి ఇంకా మంచి ఉదాహరణలు తయారుచేయాలి.

మొన్న ఆమె ఈ ఏటి ఫారం చిత్తును నాకు చూపించడానికి తెచ్చింది. ఒకటిన్నర పేజీ ఉంది, అంతా అతను చేసిన పనులే. చివరి పేరాలో ఫైన్ ఒక్కసారి కనిపించింది: దిస్ ఈజ్ ఫైన్ వర్క్. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. ఆ మాట కింద గీత గీయకుండా కాగితం మడిచి తిరిగి ఇచ్చాను.